రెక్కలు ముడిచిన సైకిల్ వీరుడు

ఎదురుగాలికి సైకిల్ తొక్కేవాళ్లెవరైనా తెలియకుండానే తల దించి హ్యాండిల్ మీదికి వంగుతారు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందులో సింహభాగం పడేది సైకిల్ మీద కాదు, తొక్కేవాడి ఒంటి మీద.

స్కాట్లండ్ రైడర్ గ్రేమ్ ఓబ్రీ దీనికి తనదైన ఉపాయం కనిపెట్టాడు. చేతుల్ని కోడిపుంజు రెక్కల్లా ముడిచి ఛాతీ కిందికి దోపుకున్నాడు. ముందునుంచి చూస్తే తల, భుజాలు, అంతే. సైకిలూ సొంత తయారీయే. అందులో బట్టలుతికే మిషన్ బేరింగ్ కూడా ఉంది!

వంగడం తేలికే. గంటసేపు మెడ, నడుము కదలకుండా అలాగే ఉండటమే నరకం. 1993 జులై 16న నార్వేలోని హమర్‌లో గంట రికార్డుకు, అంటే గంటలో అత్యధిక దూరం తొక్కిన రికార్డుకు, ప్రయత్నించి ఓబ్రీ విఫలమయ్యాడు. మరొకరైతే వారంపాటు మంచం దిగరు. ఆయన మర్నాడే మళ్లీ సైకిలెక్కి 51.596 కిలోమీటర్లు తొక్కేశాడు. 1984 నాటి ఇటలీ రైడర్ మోజర్ రికార్డు 51.151 చెరిగిపోయింది.

ఆరు రోజులకే ఇంగ్లండ్ రైడర్ క్రిస్ బోర్డ్‌మన్ దాన్నీ దాటేశాడనుకోండి.

1994లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఓబ్రీ రెక్కల భంగిమను నిషేధించింది. ఆయన ఈసారి చేతులు ముందుకు బారచాపాడు. సూపర్‌మ్యాన్ ఎగిరినట్టుండే ఆ తీరుతో 1995లో ట్రాక్ మీద ఒకరినొకరు తరిమే పర్స్యూట్ పందెంలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. కొన్నాళ్లకు దానికీ నిషేధం పడింది.