మిల్లు తవుడుతో పురుగుల పెంపకం: మహాజన సభలో చేసిన ప్రసంగం



పురుగులు తింటరా అని నవ్వకండి. తొలకరికి దీపం కాడికొచ్చిన ఉసిళ్లను వేయించుకొని తిన్నోళ్లం మనమే. థాయిలాండ్‌లో కీచురాళ్లను పెంచి అమ్ముతారు. 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ చెప్పిన లెక్క ప్రకారం అక్కడ దాదాపు 20,000 మంది పెంపకందారులు. పెద్ద ఖర్చు మేతదే, కోళ్ల దాణా కొనాలె. అందుకే తవుడు, నూకలు, నూనె తీసిన చెక్క పెట్టి చూస్తున్నారు.

మన కాగజ్‌నగర్ దిక్కు మిల్లు తవుడుంది గదా అంటారు. ఉంది. కానీ ఊరికే రాదు, బర్రెలకూ అదే కావాలె. మరి గడ్డి పెడితే? 2015లో కాలిఫోర్నియాలో పరీక్ష చేసిండ్రు. గడ్డే ఎక్కువున్న మేతతో నూటికి 99కి పైగా కీచురాళ్లు ఎదగకముందే చచ్చినయి. మందు కొట్టిన కూరగాయల చెత్త సంగతి చెప్పేదేముంది, ఆ మందు పురుగును చంపేదే గదా! బూజు పట్టిన పల్లిచెక్క అసలే వద్దు, ఆ విషం కాలేయానికి చేటు.

మనుషులు తినే పురుగును ఇక్కడ ఎవరు కొంటారో తేలేదాకా సంఘం అప్పు దీనికి ఎత్తొద్దని నా మాట. ముందుగాల కోళ్ల కోసం బ్లాక్ సోల్జర్ ఈగ పురుగులను ఒక్క టబ్బులో పెంచి చూద్దాం. తవుడు తడిపితే పిడికిట్లో ముద్ద కావాలె, నీళ్లు కారొద్దు. తవుడుకెంత పోయింది, దాణాలో ఎంత మిగిలింది నోటుబుక్కులో రాసి వచ్చే మీటింగుకు తీసుకురండి.