పైరు లేవకముందే కలుపు కూలీలా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణానికీ, పిల్లల నాటకానికీ మధ్య నత్తలను గురించి ఉపన్యసించడం కొంత వింతగానే ఉంటుంది. కార్యదర్శిగారితో ఆ మాటే అన్నాను. "మాస్టారూ, మీ ఇంట్లో ఉప్పునీటి తొట్టి చూసివెళ్ళిన పిల్లలంతా తమకూ ఒకటి కావాలని పేచీ పెడుతున్నారు. ఏమి కొనాలో, ఏమి కొనకూడదో మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి" అన్నారాయన. అందుచేత ఈ సాహసం చేస్తున్నాను.

ముందు ఆ తొట్టి మా ఇంటికి ఎందుకు వచ్చిందో మనవి చేస్తాను. మన బళ్లారికి తూర్పున చూసినా, పడమర చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ కూర్చున్న పెద్దలలో చాలామంది తుంగభద్ర కాలువలు పారిన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాలనుండి వచ్చి, సిరుగుప్ప వైపు క్యాంపులలో నేల చదును చేసుకొని స్థిరపడిన కుటుంబాలవారే. మా అమ్మ కూడా అలా వచ్చినదే. దివిసీమలో సముద్రపు హోరు వింటూ పెరిగి, పెళ్ళయిన మరుసటి సంవత్సరమే ఈ నల్లరేగడికి వచ్చింది. ఇప్పుడామెకు ఎనభై అయిదేళ్ళు. రైలు ప్రయాణం చేయలేదు. రెండేళ్ళ క్రితం ఒకనాడు, "అబ్బాయీ, ఉప్పునీళ్ళలో గుల్లలు పాకుతుంటే ఒక్కసారి చూడాలని ఉందిరా" అన్నది. నేను బడిలో జీవశాస్త్రం చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. ఇదేమంత పని అనుకొని 150 లీటర్ల గాజుతొట్టి తెప్పించాను.

నా తప్పు అక్కడే మొదలైంది. నీళ్ళు పోసి పదిరోజులు కాలేదు. ఒక మహానగరంలోని అంగడివారిని అడిగితే, "మీ తొట్టి కొలతకు నలభై ప్రాణుల శుభ్రతా దళం కావాలి" అని ఒక కట్టగా పంపించారు. ఇరవై నత్తలు, పదిహేను సన్యాసి పీతలు, నాలుగు రొయ్యలు, ఒక నక్షత్ర చేప. మూడవనాటికి రొయ్యలు లేవు. వారానికి నత్తలు అద్దం విడిచి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. పడినవాటిని పీతలు పీక్కుతిన్నాయి. నెల తిరిగేసరికి నీళ్ళు కంపుకొట్టి, ఉన్న రెండు చేపలూ పోయినాయి. మా మనుమరాలు ఏడుస్తూ కూర్చున్నది. అమ్మ మాత్రం తొట్టివంక చూసి, "పైరు లేవకముందే కలుపు తీయడానికి నలభైమంది కూలీలను పిలిచావు. వాళ్ళు తినేదేమిటిరా?" అన్నది.

ఇవాళ నేను చెప్పదలచిన సంగతి అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. ఈ పనివాళ్ళకు మనమిచ్చే జీతం చెత్తే. చెత్త ఎంత ఉన్నదో చూసుకొని పనివాణ్ణి పిలవవలెను.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1850 ప్రాంతంలో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక మంచినీటి పాత్రలో రెండు బంగారు చేపలనూ, ఒక నీటిమొక్కనూ ఉంచాడు. కొన్నాళ్ళకు ఆకులు కుళ్ళినాయి, గాజుకు పాచి పట్టింది. అప్పుడాయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళునూ, పాచినీ తింటే నీరు తేరుకున్నది. ఆయన ముందు పాచిని చూశాడు, తరువాత నత్తను పిలిచాడు. నేను నత్తలను ముందు తెచ్చి పాచికోసం ఎదురుచూశాను.

కొత్త తొట్టిలో మొదట జరిగే పని కంటికి కనబడదు. మిగిలిన మేత, చేపల మలం కుళ్ళి అమోనియా అవుతుంది. అది విషం. రాళ్ళమీద, ఇసుకలో పెరిగే ఒకరకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరొకరకం సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. అది అంత ప్రమాదకరం కాదు గాని, పాచికి ఎరువు. ఈ సూక్ష్మజీవులు స్థిరపడడానికి సాధారణంగా నాలుగునుండి ఆరు వారాలు పడుతుంది. పరీక్ష మందులు అంగళ్ళలో దొరుకుతాయి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపేదాకా ఒక్క నత్తనైనా వేయకూడదు. నిజమైన మొదటి పనివాళ్ళు ఈ సూక్ష్మజీవులే.

నీటిని గురించి రెండు మాటలు. బోరునీరు పనికిరాదు. అందులోని లవణాలు, నైట్రేట్లు పాచిని పెంచుతాయి. వడపోత యంత్రంలో శుద్ధిచేసిన నీటిలో సముద్రపు ఉప్పుమిశ్రమం కలపవలెను. లీటరుకు సుమారు 35 గ్రాములు. వంటింటి ఉప్పు చాలదు. కాల్షియం, మెగ్నీషియం వంటివి అందులో కావలసినంత ఉండవు. నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే మిగులుతుంది గనుక, తగ్గినంత మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోస్తే నీరు రోజురోజుకూ చిక్కబడి ప్రాణులు చస్తాయి. వేడి 25నుండి 27 డిగ్రీల మధ్య ఉండవలెను. మన వేసవిలో పాదరసం 40 దాటుతుంది. నీటిని చల్లబరచే సాధనం, కరెంటు పోయినప్పుడు గాలి కొట్టే బ్యాటరీ పంపు లేనివారు ఈ ముచ్చటకు దిగకపోవడమే మంచిది.

ఇక పనివాళ్ళు. తొట్టిలో మొదట ఇసుకమీద, అద్దంమీద గోధుమరంగు పొర కడుతుంది. అది డయాటములు అనే సూక్ష్మమైన నాచు. చూసి కంగారుపడవద్దు. ఆ పొరే మొదటి నత్తలకు పిలుపు. నెరైట్ నత్తలు దీనికి మంచివి. ఇవి మన తూర్పు తీరంలో అలలు తగిలే రాళ్ళమీద ఉండే జాతివి. అద్దాన్ని నున్నగా గీకుతాయి. వీటికి రెండు దుర్గుణాలున్నాయి. నీటిపైకి పాకి బయటపడతాయి, అద్దంమీద తెల్లని చుక్కలుగా గుడ్లు పెడతాయి. తొట్టికి మూత ఉంటే మొదటిదానికి మందు. రెండవదానిని ఓర్చుకోవలెను.

సెరిత్ నత్తలు సన్నగా, మొనదేలి ఉంటాయి. పగలు ఇసుకలో దాగి, రాత్రి వచ్చి ఇసుకమీది పొరనూ, మేత తునకలనూ తింటాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులలో బురదమీద లెక్కలేనన్ని కనబడే కోలగుల్లలు వీటి దాయాదులే. సెలవులకు వెళ్ళినప్పుడు జేబులో వేసుకొని రావద్దు. అది అభయారణ్యం.

నస్సారియస్ నత్త పాచిని ముట్టదు. ఇసుకలో పూడుకొని, ఏనుగు తొండంవంటి గొట్టం పైకి పెట్టుకొని ఉంటుంది. మేత వాసన తగిలితే ఇసుక చీల్చుకొని వస్తుంది. చేపలు వచ్చి, మేత పడడం మొదలైన తరువాతనే దీనికి పని. అంతకుముందు తెస్తే పస్తే.

సన్యాసి పీతను ఆ పేరు చూసి నమ్మవద్దు. పాచి తింటుంది, మిగిలిన మేతా తింటుంది. కాని పెరిగినకొద్దీ పెద్ద గుల్ల కావలసివచ్చి, బతికున్న నత్తను చంపి దాని ఇల్లు ఆక్రమిస్తుంది. తెచ్చుకోదలచినవారు ఒకటి రెండు తెచ్చి, రకరకాల కొలతల ఖాళీ గుల్లలు తొట్టిలో వేసి ఉంచవలెను. ఇల్లు దొరికితే దౌర్జన్యం తగ్గుతుంది గాని బొత్తిగా పోదు.

శుభ్రం చేసే రొయ్య అని ఎర్రచారలది ఒకటి అమ్ముతారు. అది శుభ్రం చేసేది చేపల ఒంటిని, తొట్టిని కాదు. అందంగా ఉంటుంది, అంతే. ఇసుక జల్లెడపట్టే నక్షత్ర చేపను చిన్న తొట్టికి తేవద్దు. ఇసుకలోని సన్నజీవులను కొన్నాళ్ళలో తినివేసి, తరువాత నెలల తరబడి ఆకలితో కృశించి చస్తుంది. ఇది నేను చూశాను.

ఇప్పుడు చట్టం మాట. పగడాలతో నిండిన తొట్టి బొమ్మలు చూసి పిల్లలు ముచ్చటపడతారు. మన దేశంలో 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద, 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ, సముద్రదోసకాయలన్నిటికీ రక్షణ కల్పించారు. వాటిని సముద్రంనుండి తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఇసుక శుభ్రం చేస్తుందని సముద్రదోసకాయను ఎవరైనా చూపిస్తే దండంపెట్టి వచ్చేయండి. చట్టం మాట అటుంచినా, అది చచ్చేటప్పుడు విడిచే విషానికి చిన్న తొట్టిలోని చేపలు చచ్చే ప్రమాదం ఉన్నది. నత్తలలో కూడా ట్రోకస్ నైలోటికస్, టర్బో మార్మొరేటస్ అనే పెద్ద జాతులు ఆ చట్టపు జాబితాలో చేరినవే. అంగడివాడు ఉత్త "ట్రోకస్" అనో, "టర్బో" అనో అంటే ఏ జాతి అని అడిగి, రసీదుమీద రాయించుకోండి. రాయనంటే కొనవద్దు. మా తొట్టిలో పగడం లేదు. కాల్చిన మట్టితో చేసిన రాళ్ళున్నాయి. సూక్ష్మజీవులు వాటిమీద సుఖంగానే కాపురం చేస్తున్నాయి.

రెండవసారి నేను చేసినది చెబుతాను. ఆరువారాలు ఖాళీ తొట్టికి కాపలా కాశాను. గోధుమ పొర వచ్చిన తరువాత నాలుగు నెరైట్లు, మూడు సెరిత్‌లు తెచ్చాను. తెచ్చిన నీటిలోకి మన తొట్టినీటిని సన్నగొట్టంతో గంటన్నరసేపు బొట్లుబొట్లుగా కలిపి, తరువాత వదిలాను. ఉప్పు మార్పును నత్త ఒక్కసారిగా తట్టుకోలేదు. నెల తరువాత రెండు చేపలు, ఆ పై నెల రెండు నస్సారియస్‌లు, చివరకు ఒక రొయ్య. మొత్తం పనివాళ్ళు పదిమంది. పాచి పెరుగుతున్నదంటే ఇంకొక నత్తను తెచ్చేముందు మేత తగ్గించి చూస్తాను. అద్దం మరీ తళతళలాడుతుంటే, ఎండిన సముద్రపు నాచు ముక్కను రాయికి కట్టి నత్తలకు వేస్తాను. చేపకు జబ్బుచేస్తే రాగి కలిసిన మందు తొట్టిలో ఎన్నడూ పోయను. చేపకు మేలు చేసే ఆ మందు నత్తనూ, రొయ్యనూ చంపుతుంది. చేపను వేరే పాత్రలో ఉంచి వైద్యం చేయవలెను.

మరొక భ్రమ ఉన్నది. పనివాళ్ళు వచ్చారుగదా, ఇక మనకు పని లేదనుకుంటారు. నత్త తిన్నది మళ్ళీ మలంగా ఆ నీటిలోనే పడుతుంది. చెత్తను అది చిన్నది చేస్తుంది గాని తొట్టినుండి బయటికి మోసుకుపోదు. ఆ పని మన చేతులదే. వారానికొకసారి పదోవంతు నీరు మార్చవలెను.

మంచినీటి తొట్టి పెట్టుకున్నవారికి కూడా ఒక మనవి. అద్దం నాకుతుందని సక్కర్ చేపను కొంటారు. అది మూరెడు పెరిగితే కాలువలో వదిలేస్తారు. అలా వదిలిన ఆ జాతి ఆంధ్ర, తెలంగాణ చెరువులలో, నదులలో పెరిగి, వలలు చింపి, బెస్తవారి పొట్టకొడుతున్నది. మన తుంగభద్ర కాలువకు ఆ గతి పట్టించవద్దు. వద్దనుకున్న ప్రాణిని కొన్న అంగడికే తిరిగి ఇవ్వండి.

అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీ నాన్నగారు తొట్టి కొనిస్తానంటే ముందు ఆరువారాలు ఖాళీ నీళ్ళు చూసి ఊరుకోగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. ఊరుకోగలిగితే తక్కినదంతా తేలిక. క్యాంపులకు వచ్చిన మీ ముత్తాతలు నేల చదునుచేసి, గట్లు వేసి, మొదటి పంటకు ఎంతకాలం ఓపికపట్టారో ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు.

మా అమ్మకు ఇప్పుడు కంటిచూపు తగ్గింది. అయినా సాయంత్రం దీపాలవేళకు తొట్టిముందు పీట వేయించుకుంటుంది. చిటికెడు మేత వేయగానే నస్సారియస్‌లు తొండాలెత్తి ఇసుకలోంచి లేస్తాయి. మా మనుమరాలు పక్కన కూర్చొని, "ముత్తమ్మా, ఒకటి వచ్చింది, రెండోదీ వచ్చింది" అని లెక్క చెబుతుంది. మొన్న ఆమె నాతో, "ఈసారి కూలీలకు తిండి పెట్టావురా" అన్నది. నాకు వచ్చిన యోగ్యతాపత్రం అదొక్కటే.