దిక్కులేని కుక్క, ఒంటరి సైనికుడు
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికునికి మనము పూలదండ వేయుదుము. ఆ తరువాత అతడు రాత్రులు ఎట్లు నిద్రించుచున్నాడో విచారించువారు తక్కువ. తలుపు చప్పుడైనను ఉలికిపడుట, జనములో నిలువలేకపోవుట, పీడకలలు, ఇంటివారితోనే మాట తగ్గుట – ఈ బాధకు వైద్యులు పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టిరి. వియత్నాం యుద్ధమునుండి వచ్చినవారి అవస్థను చూచిన పిమ్మట, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని తన వ్యాధుల పట్టికలో చేర్చెను.

ఆ దేశములో చికిత్సతోపాటు ఇట్టివారికి కుక్కను తోడుగా ఇచ్చు పని కొందరు చేయుచున్నారు. 2009లో క్లారిస్సా బ్లాక్ అను ఆమె ‘పెట్స్ ఫర్ వెట్స్’ అను సంస్థను స్థాపించి, దిక్కులేక శరణాలయములకు చేరిన జంతువులను మాజీ సైనికులకు జతపరచసాగెను. 2011లో షారీ డువాల్ అను తల్లి, ఇరాకులో పనిచేసి కలతపడిన మనస్సుతో వచ్చిన కుమారుని చూచి, ఫ్లోరిడాలో ‘కె నైన్స్ ఫర్ వారియర్స్’ సంస్థను ఆరంభించెను. అక్కడి కుక్కలలో అధికభాగము శరణాలయములనుండి వచ్చినవే. సైనికుని యొద్ద రుసుము తీసికొనరు.

అయితే శరణాలయమునుండి తిన్నగా సైనికుని యింటికి కుక్కను పంపుట కుదరదు. దెబ్బలు తిన్న కుక్క మనము చేయి యెత్తగానే మూలకు నక్కును. ఆకలి చూచిన కుక్క పళ్లెము దగ్గరకు ఎవరిని రానీయదు. గనుక కొన్ని వారములో, కొన్ని నెలలో దానిని తమ యింట ఉంచుకొను కుటుంబములు కావలెను. వారి పని పైకి చిన్నదిగా కనబడును. వేళకు తిండి, వేళకు నడక. మెట్లు, బస్సు, అంగడి, పిల్లల అల్లరి – వీటికి బెదరకుండ అలవాటు చేయుట. కొట్టక, మంచి చేసినప్పుడు చిన్న తినుబండారమిచ్చి మెచ్చుకొనుట. దాని స్వభావమును గమనించి శిక్షకులకు తెలుపుట. అన్ని కుక్కలు ఈ పనికి తగవు. తగనివి సామాన్య గృహములకు పోవును. తగినవి పీడకలనుండి యజమానుని లేపుటకు, జనములో అతని వెనుక నిలుచుటకు తర్ఫీదు పొందును.

అన్నిటికంటె కష్టమైనది అప్పగించు దినము. మంచముక్రింద దాగిన ప్రాణి తోక ఆడించుచు ఎదురువచ్చు నాటికి దానిని విడువవలెను. పిల్లలు ఏడ్తురు. అయినను మరియొక కుక్కకు తలుపు తీయుదురు.

కుక్క వైద్యునికి బదులు కాదు. అమెరికా మాజీ సైనికుల శాఖ జరిపించి, 2021లో వెలువరించిన పరిశోధనలో, కేవలము తోడుగా ఉండు కుక్కలు గలవారికంటె తర్ఫీదైన సేవాకుక్కలు గలవారికి రోగలక్షణములు మరికొంత తగ్గెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే, మాజీ సైనికులు స్వయముగా కుక్కలకు శిక్షణనిచ్చుటలో పాల్గొను ప్రయోగమునకు అక్కడ చట్టము చేసిరి.

మన ఊళ్లలోను పింఛను పుచ్చుకొని మౌనముగా అరుగుమీద కూర్చుండు సైనికులు కలరు. మన వీధులలోను దిక్కులేని కుక్కలు కలవు. ఒక కుక్కకు రేబిస్ టీకా వేయించి, మచ్చిక చేయగల యిల్లు మనలో లేకపోదు. అంతకుముందే, ఈ సాయంకాలమే, ఆ అరుగుమీద అతని ప్రక్కన కొంతసేపు కూర్చుండుట మనలో ఎవరికైనను సాధ్యము. దానికి ఏ శిక్షణయు అక్కరలేదు.