మేత ముందు, మంద తరువాత
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పట్నంలో కాపురం ఉండే మనలాంటి వాళ్ళు కూడా ఊరి బయట రెండు మూడెకరాలు కొనుక్కోవడం మామూలైపోయింది. మొదటి ఏడాది కంచె వేయించడం, బోరు దింపించడం, నాలుగు మామిడి మొక్కలు నాటించడంతో సరదాగానే గడుస్తుంది. రెండో ఏడు శ్రీవారు మెల్లగా అంటారు: "నేల ఊరికే పడి ఉండటమెందుకు? ఇరవై గొర్రెలో, రెండు గేదెలో తోలితే వాటి పాటికవి మేస్తాయి, నాలుగు డబ్బులూ వస్తాయి" అని. ఆ మాట వెనకాలే చూపు బ్యాంకులో దాచిన సొమ్ము మీదికో, మన చేతి గాజుల మీదికో మళ్ళుతుంది.

వద్దనమని నేను చెప్పను. పాడీ, జీవాలూ చిన్న కమతాన్ని నిజంగానే నిలబెట్టగలవు. కాకపోతే "వాటి పాటికవి మేస్తాయి" అన్న ఆ ఒక్క ముక్కనీ ముందుగా లెక్క కట్టి చూడండి. నెలనెలా ఇంటి పద్దు రాసే మనకు అదేమంత కష్టం కాదు.

ముప్పై కిలోల గొర్రె తినే మేత, తేమ తీసేసి చూస్తే, రోజుకు సుమారు ఒక కిలో. అంటే ఏడాదికి 365 కిలోలు. వాన మీద ఆధారపడ్డ మామూలు బీడులో ఎకరానికి ఏడాది పొడుగునా పెరిగే గడ్డి ఒకటి రెండు గొర్రెల పొట్టకే సరి. మరి కాపరులు వందల జీవాలను ఎలా సాకుతున్నారంటారా? వాళ్ళు మేపేది ఒక ఎకరం కాదమ్మా, నాలుగూళ్ళ పొలిమేరలు. కోసిన చేలు, చెరువు గట్లు, గుట్టలు, ఎండాకాలం వస్తే దూరపు ఊళ్ళు. అదే ఇరవై గొర్రెలను మన మూడెకరాల కంచెలో పెడితే శ్రావణ భాద్రపదాల్లో కడుపు నిండుతుంది, సంక్రాంతి దాటేసరికి మట్టి నాకుతాయి. అప్పుడు గడ్డీ దాణా కొని పోయాలి. ఆ ఖర్చు ముందు ఎవరూ చెప్పరు.

అందుకని కొన్న మొదటి ఏడు జీవాలను కొనకండి. నేలను సిద్ధం చేసుకోండి. వేసవిలో ఆ వైపు వచ్చే కాపరులను పిలిచి, మీ పొలంలో కొన్ని రాత్రులు మంద కట్టమని అడగండి. దానికి డబ్బో, ధాన్యమో ఇవ్వడం మన పల్లెల్లో పాత పద్ధతే. పెంటా, మూత్రమూ నేరుగా నేలకు చేరతాయి. తొలకరికి స్టైలో, అంజన్ గడ్డి విత్తనాలు చల్లించండి. ఆ ఏడాది గడ్డి గింజ కట్టి రాలేదాకా పశువును తోలనివ్వకండి. కంచె పొడుగునా అవిశ, సుబాబుల్ నాటిస్తే ఎండాకాలంలో ఆ ఆకే ఆదుకుంటుంది. సుబాబుల్ మాత్రం మొత్తం పచ్చిమేతలో మూడో వంతుకు మించనీయకండి. అందులోని మిమోసిన్ ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, జీవం చిక్కిపోతుంది.

మేపడం మొదలుపెట్టాక బీడును నాలుగు మడులుగా విడదీయండి. ఒక మడి మేస్తుంటే మిగతా మూడూ తేరుకోవాలి. గడ్డి జానెడు పెరిగాక తోలి, నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలి ఉండగానే పక్క మడికి మళ్ళించాలి. వేరు దాకా కొరికిస్తే మరుసటేడు గడ్డి పోయి ముళ్ళ కంప మిగులుతుంది.

ఇక గేదెల సంగతి. ఇక్కడా మేతే ముందు. బోరు నీరున్న అర ఎకరంలో హైబ్రిడ్ నేపియర్ నాటితే మొదటి కోత రెండున్నర నెలలకు, ఆ పైన నెలన్నరకొకటి వస్తుంది. ఎకరానికి ఏడాదికి 100 టన్నులని ఊరిస్తారు. మనం 60 అనే అనుకుందాం. అర ఎకరానికి 30 టన్నులు, రోజుకు 80 కిలోలు. గేదెకు 30 కిలోలు వేస్తే రెండు గేదెలకూ, దూడలకూ సరిపోతుంది. అంతేగాని అయిదు గేదెలకు కాదు. పక్కన ఎండు చొప్పో, వరిగడ్డో ఉండనే ఉండాలి. లేత జొన్న పైరులోకి మాత్రం పశువును పోనివ్వకండి. నాము కట్టి గడియల్లో ప్రాణం తీస్తుంది.

సగటున రోజుకు ఆరు లీటర్లిచ్చే గేదెకు ఒంటి పోషణకు కిలోన్నర, పాలకు రెండు లీటర్లకొక కిలో చొప్పున మూడు కిలోలు, వెరసి నాలుగున్నర కిలోల దాణా కావాలి. అంటే లీటరు పాలలో ముప్పావు కిలో దాణా ఉందన్నమాట. మీ ఊళ్ళో ముప్పావు కిలో దాణా ధరనూ, వెన్న శాతాన్ని బట్టి కేంద్రంలో లీటరుకిచ్చే ధరనూ పక్కపక్కన రాసుకోండి. మధ్యలో మిగిలిందాంట్లోంచే జీతం, మందులు, వట్టిపోయిన నెలల మేత వెళ్ళాలి. గేదె చూడి కాలమే పది నెలల పైన. పైగా దాని ఎద పైకి అంతగా కనబడదు, చాలాసార్లు రాత్రివేళ వచ్చిపోతుంది. కనిపెట్టలేకపోతే మళ్ళీ 21 రోజులు ఆగాలి. అన్నాళ్ళూ మేత దండగే. అందుకే రెండింటినీ ఒకేసారి కొనకుండా అయిదారు నెలల తేడాతో కొంటే ఎప్పుడూ ఒకటైనా పాలమీద ఉంటుంది.

జబ్బుల సంగతి మరిచిపోతే లెక్కలన్నీ వృథా. వానలకు ముందే గొర్రెలకు చిటుక రోగానికీ, గేదెలకు గొంతువాపుకూ టీకాలు వేయించాలి. గాలికుంటు టీకా ఏటా రెండుసార్లు. నట్టల మందు వేళకు తాగించాలి. కొత్తగా కొన్న జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టేయండి. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ 1962కు ఫోను చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. బీమా చేయిస్తే చెవికి వేసిన బిళ్ళ ఊడిపోకుండా చూసుకోండి. బిళ్ళ లేకపోతే పరిహారం దగ్గర పేచీ వస్తుంది.

చివరిగా ఒక్క మాట. ఆదివారం కారులో వెళ్ళి చూసొస్తే పాడి సాగదు. తెల్లవారకముందే ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పిండాలి, పండగైనా సరే. అంటే పొలం మీద ఒక కుటుంబం ఉండాలి. మనం జీతం మాట్లాడేది మగాయనతో. పేడ ఎత్తేదీ, కొట్టం ఊడ్చేదీ, ఈనే వేళకు రాత్రంతా మేలుకునేదీ మాత్రం ఎక్కువగా ఆయన భార్యే. ఆమె జీతం ఆమె చేతికే విడిగా ఇవ్వండి. దూడ పాలు మానేసినా, గొర్రె నెమరు మానేసినా ముందు కనిపెట్టేది ఆవిడే. ఆ కబురు మీకు వేళకు చేరడం మీదే చాలా వరకు లాభనష్టాలు ఆధారపడి ఉంటాయి.

కనుక ఒక నోటుబుక్కు తీసి మేత, నీరు, మనిషి, మందు అని నాలుగు గడులు గీయండి. నాలుగూ నిండిన తరువాతే సంతకు బయల్దేరండి. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ ఏడాదికి మంద కట్టించుకుని ఊరుకోండి. నేల ఎక్కడికీ పోదు, మరుసటేడుకి ఇంకా బలపడుతుంది.