సప్తర్షులు నిజంగా పక్కపక్కనే ఉన్నారా?

పెళ్లిలో "అదిగో అరుంధతి" అని చూపిస్తారు కదా, ఆ సప్తర్షి మండలం గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

ఏడు నక్షత్రాలూ ఒకే గోడకి అతికించినట్టు కనిపిస్తాయి. కానీ కాదు! రెండు చివరలవీ తప్ప మధ్యలోని అయిదూ దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరం. అంటే వాటి వెలుగు మనల్ని చేరడానికే 80 ఏళ్లు పడుతుంది. తోక చివరి మరీచి 104, అటు చివరి క్రతువు 123.

ఈ రాత్రి మీరు చూసే వశిష్ఠుడి వెలుగు మనకి స్వాతంత్ర్యం రాకముందే బయల్దేరింది. క్రతువుది అంతకు 40 ఏళ్ల ముందే!

ఇంకో విషయం. ఆ అయిదూ కలిసి పుట్టాయి, ఒకే దిక్కుకి కలిసి వెళ్తున్నాయి. మిగతా రెండిటిదీ వేరే దారి. అందుకే లక్ష ఏళ్ల తర్వాత ఈ ఆకారమే మారిపోతుంది.

వేసవిలో మేడ మీద పడుకున్నప్పుడు ఉత్తరం వైపు ఓసారి చూడండి. మళ్లీ కలుద్దాం!