ప్రాణహిత ఒడ్డున దొరకని తల
(మెదకు పట్టణమున గ్రామస్థుల సభలో చేసిన ప్రసంగపాఠము)



మెదకు దుర్గపు గుట్టలలో పూర్వకాలపు జంతువుల ఎముకలు దొరకునా యని సభకు ముందు ఒక రైతు నన్నడిగినారు. దొరకవు. ఈ గ్రానైటు రాయి భూగర్భమున కరగియున్న పదార్థము చల్లారి గట్టిపడినది. దీని వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. అప్పటికి ఎముక గల ప్రాణియే పుట్టలేదు.

ఎముక నిలువవలెనన్న ఒండ్రు కావలెను. చెరువులో పూడిక పేరుకొనుట మీరెరిగినదే. చచ్చిన జంతువును అట్టి మట్టి త్వరగా కప్పినచో, నీటిలోని ఖనిజములు ఎముక సందులలో చేరి, కాలక్రమమున అది రాయి యగును.

ఏడుపాయల వద్ద మీరు స్నానమాడు మంజీర గోదావరిలో కలియును. గోదావరి కాళేశ్వరమున ప్రాణహితను కలిసికొనును. ఆ ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచాకు చేరువ, కోట యను పల్లె కలదు. ఆ ప్రాంతపు రాతిపొరలకు శాస్త్రజ్ఞులు ఆ పల్లె పేరే పెట్టిరి. అవి రమారమి 18 కోట్ల ఏండ్ల నాటివి. ఆ కాలమును జురాసిక్ యుగమందురు. అందలి సున్నపురాతి పలకలలో పొలుసులతో సహా చేపలు దొరకినవి.

అయితే లోకమును ఆశ్చర్యపరచినవి రాక్షసిబల్లులు. పోచంపల్లి యను గ్రామము చెంత (పట్టుచీరల పోచంపల్లి కాదు సుమా!) కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు 1960 ప్రాంతమున సుమారు 300 ఎముకలు త్రవ్వి తీసిరి. తొడ ఎముక యొక్కటే మనిషి యెత్తున్నది! బెంగాలీలో ‘బరా పా’ యనగా పెద్ద కాలు. 1961 రవీంద్రుని శతజయంతి వత్సరము. కావున 1975లో ఆ జంతువునకు ‘బరాపాసారస్ టాగోరై’ యని నామకరణము చేసిరి. ఎముకలతోపాటు మహావృక్షముల బోదెలును రాళ్లయి దొరకినవి. ఆకులు మేయు మంద యేదో వరదలో కొట్టుకొనిపోయెనని శాస్త్రజ్ఞుల ఊహ.

ఇటు మన వైపున, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద, భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారికి 840 ఎముకలు లభించినవి. అవి కనీసము 12 జంతువులవి. 1988లో దీనికి ‘కోటాసారస్’ అని పేరిడిరి. ఆ అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిపిరి.

కాని ఈ రెండు జంతువులకును తల దొరకలేదు. కొలది పండ్లు మాత్రమే చిక్కినవి. నిలిపిన అస్థిపంజరమునకున్న తల నిపుణులు ఊహించి చేసినది. అసలు తల యే చేనిగట్టుననో, ఏ వాగుదరినో యుండవచ్చును.

ఆ వైపు మీకు బంధువులుందురు. వారికీ మాట చెప్పుడు: ఎముక పోలిన రాయి కనబడిన పగులగొట్టరాదు, పెకలించి ఇంటికి తేరాదు. ఏ పొరలో, ఏ దిక్కుగా పడియున్నదో తెలిసిననే దాని కథ తెలియును. ఉన్నచోటనే గుర్తుంచి తహసీలుదారుకు తెలుపవలెను. వారు హైదరాబాదులోని భూగర్భ సర్వేక్షణ కార్యాలయమునకు వ్రాయుదురు.