ఖాతా మూసి కప్పు చేయించిన క్లబ్బు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఈ ఏడు నన్ను డి.ఎ. లెక్కల గురించి మాట్లాడమన్నారు. ఆ లెక్కలు మీకందరికీ నాకంటె బాగా తెలుసు. ఈ రోజు అజెండాలో నాలుగవ అంశం "సంఘం నిల్వ నిధి వినియోగం" అని వున్నది గదా. దానికి పనికివచ్చే కథ ఒకటి కలకత్తాలో వున్నది. నేను గార్డెన్ రీచ్ అకౌంట్సు ఆఫీసులో పనిచేసిన రోజుల్లో విని, తరువాత చదివి తెలుసుకున్నది. రగ్బీ ఆడే ఒక క్లబ్బు కథ. రగ్బీకీ మనకూ ఏమి సంబంధమని నవ్వకండి. కథంతా కోశాధికారి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆట గురించి రెండు మాటలు. బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు. కాని చేత్తో అందించాలంటే పక్కకో వెనక్కో అందించాలి తప్ప ముందుకు పనికిరాదు. బంతి వున్నవాడిని ఎదుటివారు నడుం పట్టి పడగొడతారు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్లే అనుకోండి. కూత ఒక్కటే తక్కువ. బురదలో మజాగా వుంటుంది. అందుకే కలకత్తాలో వానాకాలం ఆటగా స్థిరపడింది.

1872లో క్రిస్మస్ పండుగనాడు కలకత్తాలో ఒక ఆట జరిగింది. ఒకవైపు ఇంగ్లండువారు, రెండవవైపు స్కాట్లండు, ఐర్లండు, వేల్సు వారు కలిసి. అప్పట్లో జట్టుకు 20 మంది. ఆట బాగా రక్తి కట్టినట్లుంది, మరుసటి నెలలోనే, అంటే 1873 జనవరిలో, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. 1874లో లండనులోని రగ్బీ యూనియన్‌లో సభ్యత్వం తీసుకున్నారు. సభ్యులెవరంటే కంపెనీలలో పనిచేసే దొరలు, సైనిక పటాలాల ఆఫీసర్లు, స్వదేశంలో బడిలో ఈ ఆట నేర్చుకుని వచ్చిన కుర్రవాళ్ళు. భారతీయులకు అందులో చోటు లేదు. బంతి మోసినవాళ్ళూ, నీళ్ళు అందించినవాళ్ళూ వుండే వుంటారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

మొదటి ఏడు బాగానే నడిచింది. తరువాత సభ్యులు జారిపోవడం మొదలయింది. కారణాలు వింటే మనకు కొత్తగా అనిపించవు. ఆటకు ఆసరాగా వున్న ఒక పటాలం వూరు విడిచి వెళ్ళిపోయింది. ఈ ఎండలకు టెన్నిసు, పోలో మేలనుకుని కొందరు అటు వెళ్ళారు. అన్నింటికంటె పెద్ద దెబ్బ, క్లబ్బులో ఉచితంగా పోసే మద్యం ఆపేశారు! అది ఆపగానే సభ్యత్వం చెప్పుకోదగ్గంత పడిపోయిందని క్లబ్బు చరిత్రలోనే వున్నది. మన సమావేశాల్లో టిఫిను ఆపి చూడండి, కోరం సంగతి తేలిపోతుంది.

ఇక కోశాధికారిగారు. పేరు జి. ఎ. జేమ్స్ రోత్నీ. కెప్టెన్, గౌరవ కార్యదర్శి, కోశాధికారి మూడూ ఆయనే. సంఘం చివరిదశకు వచ్చినప్పుడు అన్ని పదవులూ ఒక్కడి నెత్తినే పడతాయి, ఇది మీరూ చూశారు. మరొక విశేషం, ఆయనకు చీమలంటే పిచ్చి. బారక్‌పూర్‌లో చీమలను, కందిరీగలను సేకరించి పరిశీలించిన కీటక శాస్త్రజ్ఞుడుగా కూడ పేరున్నది. చీమల్ని గమనించేవాడు ఖాతా గాలికి వదిలేస్తాడా?

1877 డిసెంబరు 20న ఆయన లండనులోని యూనియన్‌కు ఉత్తరం వ్రాశాడు. ఇక్కడ ఆట సాగడం లేదు, క్లబ్బు మూసివేస్తున్నాము, మిగిలిన నిధితో మంచి హిందూదేశపు పనితనం గల వెండికప్పు చేయించి మీకు ఇస్తాము, ఆటకు మేలు జరగాలి, మా క్లబ్బు పేరు నిలవాలి అని దాని సారాంశం. బ్యాంకులో వున్న సొమ్మును వెండి రూపాయలుగా తీసుకున్నారు. 270 రూపాయలు. వాటిని కరగించి కప్పు చేయించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాము. 270 రూపాయలంటే ఇప్పటి పిల్లలకు నవ్వు వస్తుంది. ఆనాటి రూపాయి ఒక తులం బరువు, అంటే 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు శుద్ధమైన వెండి. 270 తులాలు ఇంచుమించు 3 కిలోల 150 గ్రాములు. సంఘం నిల్వ అక్షరాలా బరువున్న సొమ్ము అన్నమాట.

కప్పు ఎత్తు సుమారు 18 అంగుళాలు. పిడులు మూడు, మూడూ పడగ విప్పిన నాగుపాములు. మూతమీద ఏనుగు. లండనువారు దానిని 1878లో స్వీకరించారు. ఏటేటా క్లబ్బుల మధ్య పోటీ పెట్టాలని కలకత్తావారి కోరిక. యూనియన్‌వారు అది వద్దని, ఇంగ్లండు స్కాట్లండు జాతీయ జట్ల పోటీకి కేటాయించారు. దాత ఒకటి కోరితే పుచ్చుకున్నవారు మరొకటి చేశారు. నిధి ఇచ్చేటప్పుడు షరతులు కాగితం మీద వుండాలనే సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, నాలుగవ అంశంలో కావలసివస్తుంది.

మొదటి పోటీ 1879 మార్చి 10న ఎడింబరోలో జరిగి సమంగా ముగిసింది. 1880లో ఇంగ్లండు గెలిచింది. కప్పు అడుగున వున్న కొయ్య పీఠం మీద ఏ ఏటి ఆట ఎవరు గెలిచారో పలకలు బిగించి వ్రాశారు. అయితే ఆ పలకలు 1871 నుంచీ వున్నాయి! కప్పు పుట్టకముందు జరిగిన ఆటలు కూడ ఎక్కించారు. వెనక తేదీతో పద్దు వ్రాయడం దొరలకూ తెలుసునన్నమాట. మా ఆఫీసులో అయితే ఆడిట్ అభ్యంతరం వచ్చేది.

1988లో మరీ ఘోరం జరిగింది. ఎడింబరోలో ఆట అయ్యాక రాత్రి విందులో నుంచి ఇద్దరు ప్రసిద్ధ ఆటగాళ్ళు, ఇంగ్లండుకు చెందిన డీన్ రిచర్డ్స్, స్కాట్లండుకు చెందిన జాన్ జెఫ్రీ, ఈ కప్పును పట్టుకుపోయి వీధిలో బంతిలా ఆడారు. సొట్టలు పడింది. ఇద్దరినీ కొంతకాలం ఆటనుంచి తప్పించారు. నూటపదేళ్ళనాటి పరాయి సంఘపు సొమ్ము మీద వారికున్న గౌరవం అంత. అసలు కప్పు ఇప్పుడు సున్నితమైపోయింది గనుక నకళ్ళు కూడ చేయించి పెట్టుకున్నారు.

ఇక కలకత్తా సంగతి. రోత్నీ క్లబ్బు మూతపడినా ఆట చావలేదు. 1884లో మళ్ళీ మొదలయింది, 1890లో అక్కడి జట్ల కోసం వేరే కప్పు పెట్టారు. 1792 నాటి కలకత్తా క్రికెట్ క్లబ్బు, ఫుట్‌బాల్ క్లబ్బు 1965లో ఒకటయ్యాయి. బాలిగంజ్ గురుసదయ్ రోడ్డులో ఇప్పటికీ వున్నది. దొరలు వెళ్ళిపోయాక జట్ల కూర్పు మారింది. 1821లో పెట్టిన ఆర్మేనియన్ కాలేజీ కుర్రవాళ్ళు ఈ ఆటను గట్టిగా పట్టుకున్నారు. 2004 ప్రాంతంలో పాల్ వాల్ష్ అనే బ్రిటిష్ దౌత్య ఉద్యోగి మైదానంలో బస్తీ పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఆ జట్టు పేరు జంగిల్ క్రోస్, అంటే అడవి కాకులు. తరువాత ఆయన ఉద్యోగం వదిలి ఇదే పనిలో వుండిపోయాడు. సిలిగురి దగ్గర సరస్వతీపూర్ టీ తోటలో ఆకు కోసే కూలీల ఆడపిల్లలు ఈ ఆట నేర్చుకుని భారత జట్టులో ఆడారు. మన మహిళల జట్టు 2019లో సింగపూరును 21-19తో ఓడించింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. రోత్నీగారు నిధిని సభ్యులకు పంచలేదు, అది మెచ్చుకోదగ్గది. మనలో కొందరు మిత్రులు "మనం పోతే సొమ్ము ఎవరికి, తలా ఇంత పంచేద్దాము" అంటున్నారు. వారి బాధ నాకు తెలుసు. మందుల ఖర్చు అందరికీ వున్నది. కాని ఆ నిధిలో ఈ లోకంలో లేని సభ్యుల చందా కూడ కలిసివుంది. దానిని పంచుకునే హక్కు బ్రతికివున్న మనకు మాత్రమే ఎక్కడినుంచి వచ్చింది?

అయితే రోత్నీగారి మీద కూడ నాకు ఒక అభ్యంతరం వున్నది. కలకత్తాలో కూడిన సొమ్ము సముద్రాలు దాటిపోయింది. ఇక్కడి పిల్లవాడొక్కడికి బంతి కొనిపెట్టలేదు. టీ తోట పిల్లల చేతికి ఆ బంతి రావడానికి నూట పాతికేళ్ళకు పైగా పట్టింది. కనుక మన నిధితో శిలాఫలకం గాని, వెండి షీల్డు గాని, మన పేరున ఏ రాష్ట్రస్థాయి బహుమతి గాని వద్దని నా మనవి.

నా తీర్మానం వ్రాసి తెచ్చాను. అసలు బ్యాంకులోనే వుండాలి. వడ్డీ మాత్రం, ఉద్యోగంలో వుండగా పోయిన మన నాలుగవ తరగతి ఉద్యోగుల పిల్లల చదువు ఫీజులకు ఏటా జూన్‌లో, నేరుగా బడికే కట్టాలి. సభ్యుల సంఖ్య కోరంకంటె తగ్గిన నాడు ఆ ఖాతా ఎవరి చేతికి పోవాలో కూడ మూడవ పేరాలో వున్నది. కార్యదర్శిగారికి ప్రతి ఇచ్చాను. బలపరిచేవారు ఒకరు కావాలి, భోజనాలకు ముందే చేయి ఎత్తండి.